ఆర్‌సీఎం మొదలుపెట్టాలంటే ముందు ఒక్క ఫ్యాన్ చాలు

ప్రశ్న: మాది హుజూర్‌నగర్ వైపు రోజుకు 3,000 టన్నుల క్లింకర్ తీసే సిమెంటు ప్లాంటు. నేను మెకానికల్ మెయింటెనెన్స్ చూస్తాను. రిలయబిలిటీ సెంటర్డ్ మెయింటెనెన్స్, అంటే ఆర్‌సీఎం (యంత్రం ఎలా చెడుతుంది, చెడితే ఏమవుతుంది అని విశ్లేషించి మెయింటెనెన్స్ పనులు నిర్ణయించే పద్ధతి), ఆరు నెలల్లో ప్లాంటంతా పెట్టేయమని యాజమాన్యం అంటోంది. సాఫ్ట్‌వేర్ కొటేషన్లు వచ్చాయి. ఒక కన్సల్టెంటు రెడీమేడ్ టెంప్లేట్లు ఇస్తానంటున్నాడు. మా ఎస్‌ఏపీలో (మెయింటెనెన్స్ రికార్డులుండే సాఫ్ట్‌వేర్) హిస్టరీ చూస్తే సగం నోటిఫికేషన్లలో "అటెండెడ్, ఓకే" తప్ప ఇంకేమీ లేదు. ఇదంతా మనుషుల్ని తగ్గించడానికేనని ఫిట్టర్లు అనుకుంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? ముందుగా ఏమేం సిద్ధం చేసుకోవాలి?

సమాధానం: ఆరు నెలల్లో ప్లాంటంతా అయ్యే పని కాదు. లెక్క వేసి చూపిస్తే మీ యాజమాన్యానికీ అర్థమవుతుంది. మోటారు, లూబ్ యూనిట్, డ్యాంపర్ కలుపుకుని ఒక పెద్ద ఫ్యాన్ తీసుకుంటే, చెడిపోయే కారణాలు అరవై నుంచి ఎనభై దాకా తేలతాయి. అలవాటు పడిన బృందం మూడు గంటల సిట్టింగులో ఎనిమిదో పదో తేలుస్తుంది. కొత్త బృందానికి మొదటి రెండు సిట్టింగులు పద్ధతి పట్టుబడడానికే సరిపోతాయి. అంటే ఒక్క ఫ్యాన్‌కే దాదాపు పది సిట్టింగులు. అలాంటి సిస్టమ్‌లు మీ ప్లాంటులో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. కూర్చోవాల్సింది మాత్రం ఆ అయిదారుగురే. ఆరు నెలల్లో నిజంగా చేయగలిగింది ఒకటే: ఒక సిస్టమ్‌ను ఆసాంతం విశ్లేషించి, వచ్చిన పనులను ఎస్‌ఏపీలో ఎక్కించి, రెండు నెలలైనా నడిపి చూడడం. ఆ మాటే ఒప్పించుకోండి.

సాఫ్ట్‌వేర్, టెంప్లేట్ల సంగతి తర్వాత. మీ ప్లాంట్ హెడ్‌ను ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఇప్పుడున్న పీఎం (ప్రివెంటివ్ మెయింటెనెన్స్) జాబితాలోంచి కొన్ని పనులు తీసేయాలని తేలితే, ఎవరు సంతకం పెడతారు?" దీనికి జవాబు రాకుండా మొదలుపెట్టొద్దు. ఆర్‌సీఎం పుట్టిందే అనవసరపు ఓవర్‌హాల్‌లను ప్రశ్నించడంలోంచి. డీసీ-8 విమానానికి మొదట్లో 339 భాగాలకు గడువు ప్రకారం ఓవర్‌హాల్ పెట్టారు. ఈ ఆలోచన వచ్చాక డీసీ-10కి అలాంటివి 7 మాత్రమే మిగిలాయి. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజినీర్లు నౌలన్, హీప్ 1978లో అమెరికా రక్షణ శాఖకు ఇచ్చిన నివేదికలో ఈ లెక్కలున్నాయి. తీసేసే అధికారం ఎవరికీ లేని చోట కొత్త జాబితా పాతదాని నెత్తిన ఎక్కుతుంది. ఫిట్టరుకు పని రెట్టింపవుతుంది, మూడో నెలకల్లా రెండూ ఆగిపోతాయి. ఎక్కువ ప్లాంట్లలో ఆర్‌సీఎం చచ్చిపోయేది విశ్లేషణ చెడ్డదై కాదు, ఇక్కడే.

ఒక మినహాయింపు. క్రేన్లు, లిఫ్టింగ్ ట్యాకిల్, ప్రెజర్ వెసెళ్లు, బాయిలర్ లాంటివాటికి చట్టం విధించిన పరీక్షలు ఆర్‌సీఎం చర్చలోకి రావు. వారంటీలో ఉన్న యంత్రాలకు తయారీదారు షరతులు కూడా అంతే. వీటిని మొదటి రోజే వేరే కాగితం మీద రాసి పక్కన పెట్టండి. లేకపోతే ఎవరో ఒకరు ఉత్సాహంలో కొట్టేస్తారు.

ఇక మీ ఇంటి పరిస్థితి. పోయిన నెలలో క్లోజ్ చేసిన పీఎం ఆర్డర్లలోంచి పది తీసుకుని, ఒక్కొక్క యంత్రం దగ్గరికీ వెళ్లి చూడండి. గ్రీజు నిజంగా వెళ్లిందా? ఆయిల్ లెవెల్ గ్లాసు తుడిచి ఉందా? బెల్టు గార్డు బోల్టులు ఎప్పటినుంచో విప్పని తుప్పుతో ఉన్నాయా? పదింట్లో నాలుగైదు కాగితం మీదే అయ్యాయని తేలితే, ఆర్‌సీఎం పనులకు కూడా రేపు అలాగే టిక్కులు పడతాయి. అలా ఉంటే ముందు రెండు నెలలు లూబ్రికేషన్ రూట్లు, అలైన్‌మెంటు, ఫౌండేషన్ బోల్టులు సరిచేసుకోండి. వీటికి విశ్లేషణ అక్కర్లేదు.

ఏ సిస్టమ్‌తో మొదలుపెట్టాలి? కిల్న్‌తో, అంటే క్లింకర్ కాల్చే పెద్ద కొలిమితో వద్దు. అందరూ ముందు దాన్నే చూపిస్తారు, ముఖ్యమైనది కాబట్టి. కానీ అది చాలా పెద్దది. రిఫ్రాక్టరీ, టైర్లు, సపోర్ట్ రోలర్లు, గర్త్ గేరు అంటూ చర్చకు అంతుండదు, ఫలితం తెలియడానికి ఏళ్లు పడుతుంది. మొదటిది ఎలా ఉండాలంటే: తరచూ బాధపెట్టేదై ఉండాలి, పది సిట్టింగుల్లో పూర్తవ్వాలి, మెకానికల్, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్, ప్రాసెస్ నలుగురికీ అందులో వాటా ఉండాలి. మీ వివరాలను బట్టి ప్రీహీటర్ ఐడీ ఫ్యాన్ (కిల్న్ గ్యాసును ప్రీహీటర్ గుండా లాగే ఇండ్యూస్డ్ డ్రాఫ్ట్ ఫ్యాన్) బాగా సరిపోతుంది. ఆగితే కిల్న్ ఆగుతుంది కాబట్టి ఫలితం యాజమాన్యం కంటికి కనబడుతుంది కూడా.

హద్దు గీయడం చిన్న పనిలా కనిపిస్తుంది, తర్వాత గొడవలన్నీ అక్కడే. మోటారు బ్రేకరు లోపలా బయటా? స్పీడు మార్చే వీఎఫ్‌డీ లేదా జీఆర్‌ఆర్ ప్యానెల్? ఇన్‌లెట్ డ్యాంపర్ యాక్చుయేటరు? కూలింగ్ వాటర్ ఎక్కడివరకు? ఫ్లో డయాగ్రం ప్రింటు తీసి రంగు పెన్నుతో గీత గీసి, లోపలున్నవాటి ట్యాగు నంబర్లు రాయండి. నీళ్ల లైను హద్దు ఐసొలేషన్ వాల్వు దగ్గర అనుకుంటే, ఆ వాల్వు లోపలే అని కూడా రాయండి. ఎటూ చెందకుండా మిగిలిపోయిన వాల్వు మీదే తర్వాత బ్రేక్‌డౌన్ వస్తుంది.

మనుషులు. సీసీఆర్ (సెంట్రల్ కంట్రోల్ రూమ్) ఆపరేటరు ఒకరు, ఫీల్డులో తిరిగే ప్యాట్రోలరు ఒకరు, ఆ ఫ్యాన్‌ను చేత్తో విప్పిన సీనియర్ ఫిట్టరు, ఎలక్ట్రికల్-ఇన్‌స్ట్రుమెంటేషన్ నుంచి ఒకరు, ప్రాసెస్ ఇంజినీరు, వీరికి తోడు చర్చ నడిపే ఫెసిలిటేటరు. ఫెసిలిటేటరుగా హెచ్‌ఓడీ వద్దు, మీరూ వద్దు. పై అధికారి నడిపితే ఫిట్టరు నోరు విప్పడు. వేరే సెక్షన్‌లో ఓపికగా వినే ఇంజినీరును ఎంచి, అతనికి మాత్రం సరైన శిక్షణ ఇప్పించండి. కన్సల్టెంటు మీద పెట్టే డబ్బు అందుకు పెట్టండి. మిగతావారికి ఒక రోజు పరిచయం చాలు.

సిట్టింగు మూడు గంటలు, వారానికి రెండు. షిఫ్టు మధ్యలో పిలిస్తే ఎవరూ నిలకడగా కూర్చోరు. వాకీటాకీ మోగగానే లేచిపోతారు. ఆఫ్‌లో ఉన్నవారిని పిలిచి ఓటీయో కంప్-ఆఫో ఇవ్వాలి. ఈ ఖర్చును ముందే బడ్జెట్‌లో రాయించండి, ఎందుకంటే ఆర్‌సీఎంలో అసలు ఖర్చు ఇదే. ఆపరేటరు లేని రోజు సిట్టింగు వాయిదా వేయండి, మెయింటెనెన్స్ వాళ్లే కూర్చుని రాసేయొద్దు. యంత్రం ఏం చేయాలో చెప్పాల్సింది దాన్ని వాడేవాడు.

ఫిట్టర్ల అనుమానానికి నోటిమాట చాలదు. తగ్గిన పీఎం గంటలు ఎటు పోతాయో యాజమాన్యం చేత రాతపూర్వకంగా చెప్పించండి: బ్యాక్‌లాగ్‌కు, అలైన్‌మెంటుకు, స్పేర్ల రీకండిషనింగ్‌కు అని. యాజమాన్యం రాయనంటే ఫిట్టర్ల అనుమానమే నిజమై ఉండవచ్చు. అలాంటప్పుడు వాళ్ల దగ్గరున్న సమాచారం మీకు రాదు, అది రాకపోతే మిగతాదంతా వృథా.

కాగితాల విషయంలో మీరు అనవసరంగా భయపడుతున్నారు. ఇంటర్‌లాక్ జాబితా సెట్‌పాయింట్లతో సహా, ఇప్పుడున్న పీఎం జాబితా, రెండేళ్ల షట్‌డౌన్ రిపోర్టులు, వైబ్రేషన్ రీడింగులు, సీసీఆర్ ట్రెండ్లు, బేరింగు పూర్తి నంబర్లతో స్పేర్ల జాబితా, తయారీదారు మాన్యువల్ దగ్గర పెట్టుకోండి. ఇంటర్‌లాక్ జాబితా పీఎల్‌సీలోంచి (యంత్రాలను నడిపే కంట్రోలరు) తాజాగా తీయించండి. అల్మారాలోని కాపీకీ ప్రోగ్రాంలో ఉన్నదానికీ తేడా ఉండడం మామూలే. ఎస్‌ఏపీ హిస్టరీ బాగుపడేదాకా ఆగొద్దు. ప్రమాదకరమైన ఫెయిల్యూర్‌లకు లెక్కలు పోగయ్యేదాకా చూడడమంటే అవి జరిగేదాకా చూడడమే. గణితవేత్త హోవర్డ్ రెస్నికాఫ్ ఈ చిక్కును 1978లోనే గణితంతో చూపించాడు. ఫిట్టరు జ్ఞాపకం, ఆపరేటరు లాగ్‌బుక్కు చాలావరకు సరిపోతాయి.

మొదటి సిట్టింగులో ఏం జరగాలో చూద్దాం. "ఐడీ ఫ్యాన్ పని ఏమిటి?" అంటే ఎవరైనా "గ్యాసు లాగడం" అంటారు. అది చాలదు, అంకె కావాలి. ఇలా రాయాలి: "320 డిగ్రీల దగ్గర గంటకు 4.2 లక్షల క్యూబిక్ మీటర్ల గ్యాసును, ప్రీహీటర్ పైన మైనస్ 550 మిల్లీమీటర్ల వాటర్ గేజ్ ఉండేలా లాగాలి." ఈ అంకెలు నమూనాకే. మీవి ప్రాసెస్ ఇంజినీరు ఇవ్వాలి, నేమ్‌ప్లేటు మీదివి కాదు, ఇవాళ కిల్న్‌కు కావలసినవి. నేమ్‌ప్లేటుకీ అవసరానికీ మధ్య ఎంత జాగా ఉందో అప్పుడే బయటపడుతుంది. ఒక్కోసారి ఏమీ ఉండదు. అలా అయితే ఎంత మెయింటెనెన్స్ చేసినా ఆ ఫ్యాన్ చాలదు, డిజైన్ మార్చాల్సిందే. పది సిట్టింగుల శ్రమ కంటే ఈ ఒక్క విషయం తెలియడమే ఎక్కువ విలువ చేయొచ్చు. ప్రధానమైన పనితో ఆగకండి: కేసింగ్, ఎక్స్‌పాన్షన్ జాయింటు దగ్గర ఫాల్స్ ఎయిర్ (బయటి గాలి) రానివ్వకపోవడం, బేరింగు వేడి చూపించడం, వైబ్రేషన్ హద్దు దాటితే ట్రిప్ కావడం కూడా పనులే. 300 కిలోవాట్లకు పైబడి గట్టి పునాది మీదున్న యంత్రానికి ఐఎస్‌ఓ 10816-3 (2022లో దీని స్థానంలో ఐఎస్‌ఓ 20816-3 వచ్చింది) చెప్పిన హద్దులు సెకనుకు 4.5, 7.1 మిల్లీమీటర్ల ఆర్‌ఎంఎస్. మొదటిది దాటితే ఎక్కువకాలం నడపకూడదు, రెండోది దాటితే దెబ్బతింటుంది. మీ అలారం, ట్రిప్ విలువలు వీటి పక్కన పెట్టి చూడండి. నడుపుతుంటే ఊరికే ట్రిప్ అవుతోందని ఎవరో ఎప్పుడో పెంచేసి ఉండొచ్చు.

తర్వాతి మెట్టు, చెడిపోయే కారణాలు. "బేరింగు పోవడం" అని రాసి ముందుకెళ్తే దాని మీద ఏ నిర్ణయమూ తీసుకోలేరు. సీల్ అరిగి దుమ్ము చేరడం, గ్రీజు ఎక్కువై వేడెక్కడం, సీ3 క్లియరెన్సు (లోపల కాస్త ఎక్కువ ఖాళీ ఉండే) బేరింగు దొరక్క స్టోర్స్‌లో ఉన్న మామూలుది వేయడం, కూలింగ్ వాటర్ లీకై ఆయిల్‌లో కలవడం: ఇవి వేర్వేరు కారణాలు, ఒక్కోదానికి మందు వేరు. మూడోదానికి పీఎం అసలు మందే కాదు, స్టోర్స్ కోడింగు సరిచేయాలి. అలాగని "ఫిట్టరుకు నిద్ర చాలలేదు" దాకా తవ్వకండి. మీరు ఏదైనా చేయగలిగే లోతు వచ్చాక ఆగితే చాలు.

రెడీమేడ్ టెంప్లేట్లు దెబ్బతీసేది ఇక్కడే. ఒకే కంపెనీ, ఒకే మోడల్ ఫ్యాన్ ప్రీహీటర్ మీద ఉంటే సన్నని రా మీల్ దుమ్ము బ్లేడ్ల వెనక కోటింగులా పేరుకుని, ముక్క ఊడిపడి బ్యాలెన్సు తప్పుతుంది. అదే ఫ్యాన్ కూలర్ వెంట్ మీద ఉంటే గరుకైన క్లింకర్ దుమ్ము బ్లేడ్లను కోసేస్తుంది. మొదటిదానికి శుభ్రం చేయడం, గ్యాసు ఉష్ణోగ్రత అదుపు, రెండోదానికి లైనర్లు, మందం కొలతలు. టెంప్లేటులో రెండూ "ఇంపెల్లర్ అన్‌బ్యాలెన్స్" అనే ఒకే వరుసలో ఉంటాయి. మీ బృందం పని అయిపోయాక ఏదైనా మర్చిపోయారా అని సరిచూసుకోవడానికి టెంప్లేటు పనికొస్తుంది. ముందే చేతికిస్తే మాత్రం అందరూ తలూపి సంతకం పెడతారు.

ప్రతి కారణం కింద పర్యవసానం కథలా రాయండి: సీసీఆర్ స్క్రీన్ మీద మొదట ఏ అలారం వస్తుంది, ఫ్యాన్ ట్రిప్ అయితే ఫీడు, బొగ్గు వాటంతటవే ఆగుతాయా, డ్రాఫ్టు పోయి వేడి గ్యాసు బయటికి తన్నితే ఆ సమయంలో ప్రీహీటర్ మీద ఎవరుంటారు, బాగుచేయడానికి ఎన్ని గంటలు, స్పేరు ఊళ్లో ఉందా లేక ఆర్డరు పెట్టాలా. మెయింటెనెన్స్ పని పెట్టాలా వద్దా అనేది ఈ నాలుగైదు వాక్యాల మీదే ఆధారపడుతుంది.

ఎక్కువ ప్లాంట్లు చూడని చోటు, దాగి ఉండే ఫెయిల్యూర్‌లు. లూబ్ యూనిట్‌లో స్టాండ్‌బై పంపు చెడిపోయినా ఎవరికీ తెలియదు, మొదటి పంపు ఆగినరోజు తప్ప. చాలామంది ప్యానెల్ మీద బటన్ నొక్కి, పంపు తిరిగింది, ఓకే అని రాస్తారు. దానివల్ల పంపూ మోటారూ మాత్రమే పరీక్షించినట్టు. అసలు చెడిపోయేది ప్రెజర్ స్విచ్చు, లేదా దానికి వెళ్లే సన్నని ఇంపల్స్ లైనులో గడ్డకట్టిన ఆయిల్. ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడు, స్టాండ్‌బైని ఆటోలో పెట్టి, స్విచ్చు దగ్గరి డ్రెయిన్ వాల్వు మెల్లగా తెరవండి. ప్రెజర్ సెట్ విలువకు పడగానే స్టాండ్‌బై దానంతటదే ఎక్కాలి, ఎంత దగ్గర ఎక్కిందో గేజీ చూసి రాయాలి. దీనికి ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియను, ఫిట్టరు ఇద్దరూ ఉండాలి.

ఎన్నాళ్లకోసారి పరీక్షించాలి? ఒకే రక్షణ పరికరానికి సూత్రం తేలికే: ఫెయిల్యూర్‌ల మధ్య సగటు కాలాన్ని, మీరు భరించగల లోపపు వాటాతో (పరికరం చెడి ఉన్నా ఫర్వాలేదనుకునే కాలం వంతు), మళ్లీ రెండుతో గుణించండి. లోపపు వాటా అయిదు శాతం లోపు ఉన్నప్పుడే ఇది సరిగ్గా వస్తుంది. కిల్న్ ఆక్సిలరీ డ్రైవ్ డీజిల్ ఇంజిన్ తీసుకోండి. నాలుగేళ్లలో రెండుసార్లు చెడి ఉందని బయటపడిందనుకుంటే సగటు రెండేళ్లు. 98 శాతం సిద్ధంగా ఉంటే చాలనుకుంటే 2 × 0.02 × 2 సంవత్సరాలు, అంటే సుమారు 29 రోజులు. 99.5 శాతం కావాలంటే వారం. కరెంటు పోయి వేడి కిల్న్ తిరక్కుండా నిలబడితే షెల్ వంగిపోతుంది కాబట్టి వారమే సబబు. నడుస్తున్న కిల్న్‌కు క్లచ్ వేయలేరు కనుక వారంవారం ఇంజిన్ మాత్రం బ్యాటరీతో స్టార్టు చేయాలి, కిల్న్ ఆగిన ప్రతిసారీ క్లచ్ వేసి తిప్పి చూడాలి. ఇది ఫ్యాన్ హద్దులోది కాదు. అయినా ఇదొక్కటి విశ్లేషణ కోసం ఆగకుండా రేపే పెట్టుకోండి.

కండిషన్ మానిటరింగ్ గడువుల్లో ఒక పొరపాటు పదేపదే కనబడుతుంది: "బేరింగు మూడేళ్లు వస్తుంది, ఆరు నెలలకోసారి చూద్దాం." ఆయుష్షుకీ గడువుకీ సంబంధం లేదు. లోపం మొదటిసారి పట్టుబడిన నాటి నుంచి పూర్తిగా చెడేదాకా ఎంత వ్యవధి ఉందన్నదే లెక్క, దాన్ని పీ-ఎఫ్ వ్యవధి అంటారు. బేరింగు రేసులో పొర లేచిపోవడం ఆరు వారాల ముందు తెలుస్తుందనుకుంటే, నెలకోసారి రీడింగు తీస్తే చేతిలో కనీసం రెండు వారాలు మిగులుతాయి. ఆలోపు షట్‌డౌన్ కుదురుతుందా? కుదరకపోతే రెండు వారాలకోసారి తీయాలి. అదే ఫ్యాన్‌లో కోటింగు ఊడితే గంటల్లో వైబ్రేషన్ పెరుగుతుంది. నెలవారీ రీడింగు దానికి పనికిరాదు, ఆన్‌లైన్ సెన్సరే కావాలి. కొలిచేది రెండింటికీ వైబ్రేషనే, వ్యవధులు వేరు.

శిక్షణలో మీకు "68 శాతం ఫెయిల్యూర్‌లు కొత్తలోనే వస్తాయి, వయసుతో సంబంధం 11 శాతానికే" అనే బొమ్మ చూపించి ఉంటారు. అవి విమాన భాగాల లెక్కలు. సిమెంటు ప్లాంటులో క్రషర్ హ్యామర్లు, మిల్లు లైనర్లు, రోలర్ టైర్లు, రిఫ్రాక్టరీ నిజంగానే వయసుతో అరుగుతాయి. గడువు ప్రకారం మార్చేవన్నీ దండగని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

సాఫ్ట్‌వేర్ ఇప్పుడు కొనొద్దు. మొదటి సిస్టమ్‌కు ఎక్సెల్ షీటు చాలు: యంత్రం చేయాల్సిన పని, ఫంక్షనల్ ఫెయిల్యూర్ (ఆ పని చేయలేకపోవడం), కారణం, పర్యవసానం, నిర్ణయం, గడువు, ఎవరు చేయాలి. రెండో సిస్టమ్ అయ్యాక మీకు ఏం కావాలో మీకే తెలుస్తుంది, అప్పుడు కొటేషన్లు చదవగలుగుతారు. కన్సల్టెంటును తీసుకుంటే మాత్రం ఎస్‌ఏఈ జేఏ1011 ప్రమాణం ఆర్‌సీఎంకు తప్పనిసరన్న ఏడు ప్రశ్నలూ అడుగుతాడా అని అడగండి. 1999లో వచ్చిన ఆ ప్రమాణం ఉద్దేశమే, ఆర్‌సీఎం పేరుతో అమ్మే కుదింపు పద్ధతులను వేరుచేయడం.

మొదటి సిట్టింగుకు ముందే గడిచిన పన్నెండు నెలల లెక్క ఒక పేజీలో రాసి ప్లాంట్ హెడ్ సంతకం తీసుకోండి: ఈ ఫ్యాన్ వల్ల కిల్న్ ఎన్నిసార్లు ఆగింది, మొత్తం ఎన్ని గంటలు, దీని మీద ఎన్ని పీఎం గంటలు పోయాయి, ఎన్ని పనులు బ్రేక్‌డౌన్‌గా వచ్చాయి. తర్వాత రాస్తే ఎవరికి కావలసిన అంకె వాళ్లు చెబుతారు. ఇంత శాతం ఆదా అని మాత్రం ఎక్కడా మాటివ్వకండి.

విశ్లేషణ ముగిశాక సంతకం చేసే అధికారి, బృందం కలిసి ప్రతి వరుసా చదవాలి. దానికి రెండు పూటలు పడుతుంది. ఎస్‌ఏపీలో ఎక్కించే మనిషిని, తేదీని అక్కడే రాసుకోండి. కొత్త టాస్క్ లిస్టు యాక్టివ్ అయిన రోజే పాత ప్లాన్లు డీయాక్టివేట్ కావాలి, ఒక్క రోజు తేడా కూడా వద్దు. "గేర్‌బాక్సు చెక్ చేయుము" లాంటి వాక్యాలు ఎక్కించకండి; ఏ పాయింటు దగ్గర, ఏ పరికరంతో, ఎంత దాటితే ఎవరికి చెప్పాలో ఆర్డరులోనే ఉండాలి. రాసింది ఆ సిట్టింగుల్లో లేని ఫిట్టరు చేత చదివించండి, అతను అడిగే ప్రశ్నలకు జవాబులు అందులో చేర్చాకే ప్రింటు తీయండి.